టిఫాలో అంతా బాగుందన్నారు గదా, మరి బిడ్డ గుండెకు చిల్లెట్టా వచ్చింది?

నెల్లూరు పొగతోటలో స్కానింగ్ సెంటర్ల బెంచీలు పొద్దున తొమ్మిదికే నిండిపోతాయి. మొన్న మా మేనకోడలికి ఐదో నెలలో తీసే టిఫా స్కాన్ ఉంటే తోడు వెళ్లాను. పక్కన వింజమూరు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. ఒళ్లో నలభై రోజుల మనవడు, చేతిలో ప్లాస్టిక్ కవర్ నిండా రిపోర్టులు. పిల్లల డాక్టరు గుండె స్కాన్ రాశాడట, ఆ సెంటర్లోనే అది కూడా తీస్తారు. మాటల్లో ఆమె కవర్లోంచి పాత రిపోర్టు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది చూడండయ్యా. ఐదో నెల్లో టిఫా తీసి అంతా బాగుందని రాసిచ్చారు. ఇప్పుడేమో గుండెకు చిల్లుందంటున్నారు. అప్పుడు కనపడంది ఇప్పుడెట్టా వచ్చింది?" అని, కాసేపాగి, "గ్రహణం నాడు బయట తిరగొద్దంటే ఇన్లేదు" అంది. పక్కనున్న కోడలు తల ఎత్తలేదు.

ఆ పిల్ల తల దించుకోవడం నన్ను ఇంటిదాకా వెంటాడింది. అత్త అడిగిన ప్రశ్న చాలా ఇళ్లలో వినపడేదే. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కడుపులో గుండె ఎలా పని చేస్తుందో, ఏ స్కాన్ దేన్ని చూస్తుందో, ఏది చూడలేదో తెలిస్తే తప్ప ఆ జవాబు అర్థం కాదు.

కడుపులో గుండె వేరు, పుట్టాక గుండె వేరు

మన పెన్న ఆయకట్టు రైతుకు ఇది చెప్పడం తేలిక. గుండెను రెండు మోటర్లుగా అనుకోండి. కుడి మోటరు చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు తోస్తుంది. అక్కడ ఆక్సిజన్ పట్టుకున్న రక్తం ఎడమ మోటరుకు వస్తే, అది ఒళ్లంతటికీ పంపిస్తుంది. రెండింటికీ చెరొక పెద్ద కాలవ ఉంటుంది. కుడివైపుది ఊపిరితిత్తుల కాలవ, ఎడమవైపుది బృహద్ధమని. పుట్టిన తరువాత మన గుండె పని ఇది.

కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు, ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. అంటే ఊపిరితిత్తులు అప్పటికి బీడు పొలం. నీళ్లు బొత్తిగా అక్కర్లేదని కాదు, కొద్దిగా పారితే చాలు. అందుకని ప్రకృతి రెండు దారులు ఏర్పాటు చేసింది. గుండె పై గదుల మధ్య ఒక రెక్క తలుపు. రెండు పెద్ద కాలవలను కలుపుతూ ఒక లింకు కాలవ. దీన్నే డాక్టర్లు డక్టస్ అంటారు. బీడుకు పోవలసిన రక్తం ఈ రెండు దారుల్లోంచి ఒంటికి మళ్లిపోతుంది.

బిడ్డ పుట్టి మొదటి ఏడుపు ఏడవగానే బీడు సాగులోకి వస్తుంది. రక్తం ఊపిరితిత్తుల్లోకి పరిగెత్తుతుంది. రెక్క తలుపు మూసుకుంటుంది. లింకు కాలవ మామూలుగా రెండు మూడు రోజుల్లో ముడుచుకుపోతుంది, ఆ తరువాత కొన్ని వారాలకు పూర్తిగా పూడిపోతుంది.

ఈ రెండు దారులూ కడుపులో ప్రతి బిడ్డకూ ఉంటాయి, ఉండి తీరాలి. పుట్టాక మూసుకోకపోతేనే అవి లోపం కింద లెక్క. పై గదుల మధ్య తలుపు ఉన్న చోట మిగిలిపోయే చిల్లు, మూసుకోని డక్టస్, ఈ రెండింటినీ ఐదో నెలలో ఎంత గొప్ప మిషన్ పెట్టి చూసినా "ఇది పుట్టాక మిగిలిపోతుంది" అని చెప్పలేరు. గుండె చిల్లుల్లో ఒక పెద్ద వాటా ఇలా కడుపులో ఉండగా పేరు పెట్టడానికే వీల్లేనిది.

టిఫా ఒక పరీక్ష, ఫీటల్ ఎకో ఇంకో పరీక్ష

మన వైపు స్కాన్ అంటే అన్నీ ఒకటే అనుకుంటారు. మొదటి మూడు నెలల చివర, 11 నుంచి 14 వారాల మధ్య తీసేది ఎన్‌టీ స్కాన్. బిడ్డ మెడ వెనక చర్మం కింద నీరు ఎంత మందం ఉందో కొలుస్తారు. అది ఎక్కువగా ఉంటే జన్యు సమస్యలతో పాటు గుండె లోపం కూడా ఉండే అవకాశం పెరుగుతుంది.

తరువాతది టిఫా. సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య, అంటే ఐదో నెల ప్రాంతంలో తీస్తారు. తల మొదలుకుని పాదాల దాకా అన్ని అవయవాలనూ చూస్తారు, గుండె అందులో ఒకటి. అన్నింటికీ కలిపి ఉండేది ఇరవై నిమిషాలో అరగంటో. గుండె వంతుకు వచ్చేది కొద్ది నిమిషాలే.

ఫీటల్ ఎకో గుండెకు మాత్రమే పరిమితమైన పరీక్ష. ఎక్కువగా 18 నుంచి 24 వారాల మధ్య తీస్తారు. పిల్లల గుండె డాక్టరో, ఫీటల్ మెడిసిన్ డాక్టరో, దానికే శిక్షణ తీసుకున్న రేడియాలజిస్టో చేస్తారు. గదులు, గోడలు, కవాటాలు, వచ్చే నాళాలు, పోయే నాళాలు, కొట్టుకునే లయ, రక్తం పారే దిశ, వేగం ఒక్కొక్కటే చూస్తూ పోతారు. ఒక్కోసారి గంట పడుతుంది.

చూడవలసిన వస్తువు ఎంతదో తలుచుకుంటే ఆ గంట ఎందుకో తెలుస్తుంది. ఐదో నెలలో బిడ్డ గుండె అడ్డం సుమారు 2 సెంటీమీటర్లు. చిన్న రేగిపండంత. దాంట్లోంచి బయల్దేరే బృహద్ధమని వెడల్పు 3 మిల్లీమీటర్లు, ఇంచుమించు వడ్లగింజ మందం. అది నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటూ ఉంటుంది. బిడ్డ తిరుగుతుంటుంది. అమ్మ పొట్ట మందం అడ్డు వస్తుంది. బిడ్డ వీపు పైకి పెట్టి పడుకుంటే వెన్నుపూస నీడ గుండె మీద పడుతుంది. "కాసేపు నడిచి రామ్మా" అని పంపేది అందుకే. దాన్ని విసుగు కింద తీసుకోకూడదు. చూడకుండానే చూశానని రాసే డాక్టరు కన్నా నడిచి రమ్మనే డాక్టరు నయం.

రిపోర్టులో "ఫోర్ చాంబర్ వ్యూ" అన్న మాట ఉంటుంది. గుండెను అడ్డంగా కోసినట్టు చూసి నాలుగు గదులూ ఉన్నాయని తేల్చడం అది. 1980లలో బిడ్డ గుండె పరీక్ష దీనితోనే మొదలైంది. ఒక గది ఎదగకపోవడం, నడిమి గోడ పెద్దగా లేకపోవడం లాంటివి ఇందులోనే దొరుకుతాయి. కానీ గదులు చక్కగా ఉండి, వాటిలోంచి బయల్దేరే నాళాలు తప్పుగా అతుక్కున్న గుండెలు ఉన్నాయి. అవి ఈ ఒక్క చిత్రంలో మామూలు గుండెల్లాగే కనిపిస్తాయి. అందుకే ఐఎస్‌యూఓజీ అనే అంతర్జాతీయ ప్రసూతి అల్ట్రాసౌండ్ సంఘం 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎడమ, కుడి మోటర్ల నుంచి బయటికి పోయే నాళాలు కూడా మామూలు స్కాన్‌లోనే చూడాలని చేర్చింది. రిపోర్టులో "అవుట్‌ఫ్లో ట్రాక్ట్స్", "త్రీ వెసెల్ వ్యూ" అని ఉండేవి ఇవే. నాలుగు గదులు మాత్రమే రాసి నాళాల ఊసు లేని రిపోర్టు సగం చూసిన గుండె.

ఎరుపు, నీలం, ఒక తెల్ల చుక్క

స్క్రీన్ మీద రంగులు చూసి భయపడేవాళ్లు చాలామంది. నీలం కనపడితే చెడు రక్తం కలిసిపోయిందనుకుంటారు. ఆ రంగులకూ ఆక్సిజన్‌కూ సంబంధమే లేదు.

నెల్లూరు స్టేషన్లో ఆగకుండా పోయే రైలు హారన్ వినే ఉంటారు. మన వైపు వస్తుంటే సన్నగా, మనల్ని దాటాక బొంగురుగా మారుతుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఇది. స్కాన్ మిషన్ పొట్ట మీద పెట్టిన ప్రోబ్ నుంచి మన చెవికి అందని శబ్దాన్ని పంపుతుంది. కదిలే రక్తకణాలకు తగిలి అది వెనక్కి వస్తుంది. రక్తం ప్రోబ్ వైపు వస్తుంటే ఒక మార్పు, దూరంగా పోతుంటే ఇంకో మార్పు. వచ్చేదానికి ఎరుపు, పోయేదానికి నీలం వేయడం వాడుక. ప్రోబ్‌ను ఇటు నుంచి అటు తిప్పితే అదే నాళం రంగు మారిపోతుంది. డాక్టరుకు కావలసింది దిశ. పోవలసిన చోటికి పోతోందా, వెనక్కి మళ్లుతోందా, ఇరుకు చోట ఉరుకుతోందా అన్నది.

ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, శబ్దం మాత్రమే ఉంది. అయినా మొదటి నెలల్లో డాప్లర్‌ను అవసరం మేరకే, తక్కువ సేపు వాడాలన్న నియమం డాక్టర్లు పాటిస్తారు.

ఇక ఆ తెల్ల చుక్క. రిపోర్టులో "ఎకోజెనిక్ ఇంట్రాకార్డియాక్ ఫోకస్" అని రాస్తారు. ఎక్కువసార్లు ఎడమ కింది గదిలో మెరిసే చుక్క. నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు బిడ్డల్లో కనిపిస్తుంది. కవాటాన్ని పట్టి ఉంచే కండరంలో కాస్త సున్నం పేరుకోవడం అది. గుండె పనికి దానివల్ల ఇబ్బంది ఉండదు. జన్యు సమస్యలకు బలహీనమైన సూచన కాబట్టి మిగతా రక్తపరీక్షలతో కలిపి చూస్తారు, అంతవరకే. ఈ ఒక్క వాక్యం చదివి రాత్రంతా ఏడ్చిన తల్లులు నాకు తెలుసు. ఆ వాక్యం కింద "ఇది గుండె జబ్బు కాదు" అని తెలుగులో ఒక ముక్క రాసిస్తే ఎంత బాగుండును.

ఏది దొరుకుతుంది, ఏది దాక్కుంటుంది

పుట్టుకతో వచ్చే గుండె లోపాలు ప్రపంచమంతటా వెయ్యి మంది పిల్లల్లో 8 నుంచి 10 మందికి ఉంటాయి. మన దేశంలో ఏటా 2 లక్షల మందికి పైగా ఇలా పుడతారని అంచనా. వాళ్లలో సుమారు ఐదో వంతు మందికి మొదటి సంవత్సరంలోనే ఆపరేషనో మరో చికిత్సో కావాలి.

ఎక్కువ కనిపించేది కింది గదుల మధ్య గోడకు చిల్లు. పెద్దదైతే ఐదో నెలలో దొరుకుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లదైతే దొరకదు, ఎందుకంటే కడుపులో రెండు మోటర్ల ఒత్తిడీ ఇంచుమించు సమానం. గట్టుకు రెండు పక్కలా నీళ్లు ఒకే మట్టంలో ఉంటే బొక్కలోంచి నీరు పారదు గదా. పుట్టిన తరువాత ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి వారాల మీద తగ్గుతుంది, అప్పుడు చిల్లులోంచి రక్తం దూకుతుంది, డాక్టరు స్టెతస్కోపుకు గరగర శబ్దం వినపడుతుంది. నలభై రోజుల బిడ్డకు కొత్తగా చిల్లు ఉందనడం వెనక తరచూ ఉండేది ఈ సంగతే. ఇలాంటి చిన్న చిల్లులు చాలావరకు వాటంతట అవే మూసుకుంటాయి.

నాళాలు తారుమారైన గుండె దీనికి పూర్తిగా భిన్నం. కుడి మోటరుకు బృహద్ధమని, ఎడమ మోటరుకు ఊపిరితిత్తుల నాళం అతుక్కుంటాయి. నాలుగు గదులూ నిక్షేపంగా కనిపిస్తాయి. నాళాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవలసింది, పక్కపక్కన సమాంతరంగా పోతుంటాయి. అది చూసే కన్ను ఉంటే దొరుకుతుంది, లేకపోతే లేదు. ఆక్సిజన్ చాలక ఒళ్లు నీలంగా మారే బిడ్డల్లో తరచూ వినే ఫాలో టెట్రాలజీ, అంటే నాలుగు లోపాలు కలిసి ఉన్న గుండె కూడా అంతే, గదుల చిత్రంలో ఒక్కోసారి తప్పించుకుంటుంది.

ఎడమ మోటరే ఎదగని గుండె గదుల చిత్రంలోనే బయటపడుతుంది. బృహద్ధమని ఒక చోట నొక్కుకుపోవడం మాత్రం ఫీటల్ ఎకోలో కూడా కష్టం. లింకు కాలవ తెరిచి ఉన్నన్నాళ్లు ఆ ఇరుకు పూర్తిగా బయటికి రాదు. అనుమానం రాయగలరు తప్ప, తేలేది పుట్టాకే.

వెయ్యి మంది తల్లులతో ఒక లెక్క

"అనుమానం" అని రాస్తే జబ్బు ఉన్నట్టేనా? "నార్మల్" అని రాస్తే లేనట్టేనా? దీనికోసం ఒక ఊహా లెక్క వేసుకుందాం. అంకెలు లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి, ఏ ఆస్పత్రివీ కావు.

వెయ్యి మంది గర్భిణులు టిఫాకు వచ్చారు. వాళ్లలో 10 మంది బిడ్డలకు ఏదో ఒక గుండె లోపం ఉంది. అందులో 5 స్కాన్‌కు దొరికాయి, మిగతా 5 ఎక్కువగా చిన్న చిల్లులు కాబట్టి దొరకలేదు. మిగిలిన 990 మందిలో 20 మందికి బిడ్డ పడుకున్న తీరు వల్లో, నీడ వల్లో అనవసరంగా అనుమానం వచ్చింది.

ఇప్పుడు చేతిలో "అనుమానం" అన్న కాగితం పట్టుకున్నవాళ్లు 25 మంది. వాళ్లలో నిజంగా లోపం ఉన్నది ఐదుగురికి. అంటే ఐదుగురిలో ఒక్కరికి. మిగతా నలుగురూ ఫీటల్ ఎకో తీయించుకుని ఊపిరి పీల్చుకుంటారు. "నార్మల్" కాగితం పట్టుకున్నవాళ్లు 975 మంది. వాళ్లలోనూ ఐదుగురికి లోపం ఉంది, అంటే 195 మందిలో ఒకరికి. వింజమూరు అవ్వ మనవడు ఆ ఒకరిలోకి వస్తాడు.

చూసేవాళ్ల నైపుణ్యం పెరిగితే అనవసర అనుమానాల ఆ 20 తగ్గుతుంది, దొరకని ఆ 5 కూడా తగ్గుతుంది. కానీ ఎంత పెరిగినా రెండూ సున్నాకు రావు. దీనర్థం తప్పులన్నీ క్షమించదగ్గవని కాదు. రెండు మోటర్లకు బదులు ఒకటే ఉన్న గుండెను టిఫాలో వదిలేయడం, మిల్లీమీటరు చిల్లును వదిలేయడం ఒకటి కావు. మొదటిది అడగవలసిన తప్పు.

ముందే తెలిస్తే మారేది: పుట్టే చోటు

కొందరు అంటారు, తెలిసి ఏం లాభం, కడుపులో ఉండగా ఆపరేషన్ చేస్తారా అని. ఒకటి రెండు సందర్భాల్లో కడుపులోనే వైద్యం ఉంది. బిడ్డ గుండె విపరీత వేగంతో కొట్టుకుంటే తల్లికి మందు ఇస్తారు, అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. 2023 మార్చిలో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు తల్లి పొట్టలోంచి సూది పంపి, ద్రాక్షపండంత గుండెలో మూసుకుపోయిన కవాటాన్ని బెలూన్‌తో 90 సెకన్లలో తెరిచారు. అలాంటివి చాలా అరుదు. అసలు లాభం ఇంకో చోట ఉంది.

నాళాలు తారుమారైన బిడ్డనే తీసుకుందాం. ఉదయగిరి వైపు పల్లె అనుకోండి. ముందు తెలియలేదు. కాన్పు దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో తేలిగ్గా అయింది. మూడు కిలోల బిడ్డ, గట్టిగా ఏడ్చాడు, అందరూ సంతోషించారు. రెండు మోటర్లూ రెండు విడి చక్రాలుగా తిరుగుతున్నాయి. ఒంటి రక్తం ఒంటికే, ఊపిరితిత్తుల రక్తం ఊపిరితిత్తులకే పోతోంది. రెండూ కాస్తో కూస్తో కలుస్తున్నది రెక్క తలుపు దగ్గర, లింకు కాలవలో. కొన్ని గంటలకో మర్నాటికో కాలవ ముడుచుకోవడం మొదలైంది. పెదాలు నీలం. పాలు తాగడం లేదు. చలి పట్టిందని ఒకరు, ఉమ్మనీరు మింగాడని ఒకరు. నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. అక్కడ గుండె అని తేలాక చెన్నైకి ఇంకో 175 కిలోమీటర్లు. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటుకుంటూ అంబులెన్స్ పోతుంటే ఆ కాలవ ప్రతి మైలుకూ ఇంకాస్త సన్నబడుతుంటుంది.

అదే బిడ్డ సంగతి ఐదో నెలలో తెలిస్తే చేతిలో నాలుగు నెలలు ఉంటాయి. తల్లి నెలలు నిండే ముందే చెన్నైకో, గుండె ఆపరేషన్లు చేసే ఇంకో ఊరికో చేరుతుంది. అంతకన్నా భద్రమైన ప్రయాణం బిడ్డకు లేదు. దారి పొడుగునా ఆక్సిజన్ మాయ నుంచే అందుతుంది. పుట్టగానే ప్రోస్టాగ్లాండిన్ అనే మందు సన్నగా ఎక్కిస్తే లింకు కాలవ తెరిచే ఉంటుంది. అవసరమైతే 1966లో రాష్‌కిండ్ అనే అమెరికా డాక్టరు కనిపెట్టిన పద్ధతిలో బెలూన్‌తో రెక్క తలుపును వెడల్పు చేస్తారు. మొదటి వారాల్లో నాళాలను మార్చి కుడతారు. ఆ ఆపరేషన్‌ను 1975లో బ్రెజిల్‌లో జటేనె మొదటిసారి విజయవంతంగా చేశాడు. నేడు మంచి కేంద్రాల్లో ఆ పిల్లలు బడికి పోయి ఆటలాడేంత బాగా బతుకుతున్నారు. ముందే తెలిసిన బిడ్డల్లో మరణాలు తగ్గాయని పారిస్ డాక్టర్లు 1999లోనే చూపించారు.

అన్ని లోపాల్లో ఇంత తేడా రాదు. చిన్న చిల్లుకు ముందే తెలిసినా తెలియకపోయినా ఫలితం ఒకటే. ఎడమ మోటరు ఎదగని గుండెకు ముందే తెలిసినా దారి చాలా కష్టమైనది, మూడు ఆపరేషన్ల మెట్లు ఎక్కాలి. ఇంకో మాట, గుండె లోపం అనగానే సిజేరియన్ అనుకోనక్కర్లేదు. చాలా బిడ్డలు మామూలు కాన్పుకు తట్టుకుంటారు. ముఖ్యమైంది ఏ ఊళ్లో పుడుతుందన్నదే.

ఆపరేషన్ ఖర్చు సంగతికి వస్తే, ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన ఆరోగ్యశ్రీలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 2021 అక్టోబరులో తిరుపతిలో తెరిచిన శ్రీ పద్మావతి హృదయాలయం నెల్లూరుకు సుమారు 130 కిలోమీటర్లు. పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రి 1991 నుంచి ఉచితంగా చేస్తోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను చూసి గుండె లోపాలను పట్టి పంపుతుంది. చికిత్సకు దారులు ఉన్నాయి. వాటికీ ఐదో నెల స్కాన్ గదికీ మధ్య వంతెన సన్నగా ఉంది, నా బాధ అదే.

అందరికీ ఫీటల్ ఎకో తీయాలా?

ఇక్కడ డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. ఒక వర్గం రిస్కు ఉన్నవాళ్లకే చాలంటుంది. గర్భానికి ముందు నుంచే షుగర్ ఉన్న తల్లికి బిడ్డ గుండె లోపం వచ్చే అవకాశం నూటికి 3 నుంచి 5. ఏడో నెలలో కొత్తగా షుగర్ కనపడ్డవాళ్ల లెక్క ఇది కాదు, అప్పటికి గుండె ఏర్పడిపోయి ఉంటుంది. మొదటి బిడ్డకు లోపం ఉంటే రెండో బిడ్డకు నూటికి 2 నుంచి 3. తల్లికో తండ్రికో పుట్టుకతో గుండె లోపం ఉండటం, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే లూపస్ లాంటి జబ్బులు, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మందులు, మొదటి నెలల్లో రుబెల్లా, ఐవీఎఫ్ గర్భం, ఒకే మాయ పంచుకునే కవలలు ఈ జాబితాలో ఉంటాయి. మేనరికాల్లోనూ అవకాశం కొంత ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్తున్నాయి, మన ఇళ్లలో దాన్ని దాచకుండా డాక్టరుకు చెప్పడం మేలు. అసలు ఫీటల్ ఎకో బాగా తీయగలిగేవాళ్లు జిల్లాకు వేళ్ల మీద లెక్కపెట్టే సంఖ్యలో ఉన్నప్పుడు, అందరినీ వాళ్ల దగ్గరికి తోలితే నిజంగా అవసరమైన తల్లికి తేదీ దొరకదన్నది వీళ్ల వాదన. గట్టి వాదనే.

రెండో వర్గం ఒకే ఒక్క వాస్తవం ముందు పెడుతుంది. గుండె లోపంతో పుట్టే పిల్లల్లో ఎక్కువ మంది తల్లులకు పై జాబితాలోది ఒక్కటీ ఉండదు. జాబితా ప్రకారం పోతే ఎక్కువ మంది వల దాటిపోతారు. కాబట్టి అందరికీ తీయాలి అంటారు.

నాకు రెండింటి మధ్య ఉన్న మూడో దారి సరైనదనిపిస్తుంది. ప్రతి తల్లికీ ఎలాగూ టిఫా తీస్తున్నారు. ఆ టిఫాలోనే నాలుగు గదులతో పాటు నాళాలు తప్పనిసరిగా చూసేలా జిల్లా, మండల స్థాయి స్కాన్ డాక్టర్లకు శిక్షణ ఇస్తే, అనుమానం ఉన్నవాళ్లు మాత్రమే ఫీటల్ ఎకోకు పోతారు. కొత్త సాంకేతికత కూడా దీనికి సాయపడుతోంది. స్టిక్ అనే పద్ధతిలో ప్రోబ్ పది పదిహేను సెకన్లు గుండెను ఊడ్చినట్టు చిత్రాలు తీసి, వాటిని కొట్టుకునే ఒక గుండెగా కూర్చి దాచుకుంటుంది. కావలిలో తీసింది చెన్నైలో కూర్చున్న డాక్టరు తిప్పి తిప్పి చూడొచ్చు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లక్షకు పైగా చిత్రాలతో కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చారు. వాళ్ల పరీక్షలో అది లోపమున్న గుండెల్లో 95 శాతాన్ని పట్టింది. మంచి కబురే. అయితే ప్రోబ్ సరిగ్గా పట్టి చిత్రం తీసేది ఇప్పటికీ మనిషి చెయ్యి, చెడ్డ చిత్రంలోంచి మంచి జవాబు ఏ యంత్రమూ తీయలేదు.

24 వారాల గడియారం

పెద్ద లోపం అని తేలితే కుటుంబం ముందు నిలబడేది చట్టం కూడా. 2021 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న గర్భస్రావ చట్టం సవరణ ప్రకారం, బిడ్డలో తీవ్ర లోపం ఉన్నప్పుడు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భం తీయించుకోవచ్చు. ఆ తరువాత మెడికల్ బోర్డు నిర్ణయించాలి.

ఒక క్యాలెండర్ వేసి చూడండి. పని ఒత్తిడో, దూరమో, టిఫా 22వ వారంలో తీశారు. అనుమానం. ఫీటల్ ఎకో తేదీ 23వ వారం చివర దొరికింది. కొన్ని లోపాలతో డౌన్ సిండ్రోమ్ లాంటి జన్యు సమస్య ఉండొచ్చు కాబట్టి ఉమ్మనీటి పరీక్ష రాశారు. దాని ఫలితం రావడానికి ఒక్కోసారి రెండు మూడు వారాలు. ఫలితం చేతికొచ్చేసరికి 26. ఇదే టిఫా 18 లేదా 19వ వారంలో తీసి ఉంటే అన్నీ నిదానంగా తెలుసుకుని ఆలోచించే వ్యవధి ఉండేది. పెద్దాస్పత్రుల్లో కాపురాలు చేసినంత కాలం తిరిగే కుటుంబాలకు ఆ మూడు వారాలే అన్నింటికన్నా విలువైనవి.

ఈ స్కాన్ల వల్ల బాగు చేయగలిగిన లోపాలకు కూడా గర్భాలు పోతున్నాయని కొందరు డాక్టర్లు గట్టిగా ఆందోళన పడతారు. "గుండెకు చిల్లు" అన్న మాట విని, చికిత్స సంగతి వినకముందే ఇంట్లో నిర్ణయం అయిపోతుంది. ఇంకొందరు, బతుకంతా మోయవలసింది ఆ తల్లిదండ్రులే కాబట్టి నిజం చెప్పి నిర్ణయం వాళ్లకు వదలాలంటారు. రెండు మాటలూ ఒక్క చోట కలుస్తాయి. నిర్ణయానికి ముందు ఆ తల్లిదండ్రులు పిల్లల గుండె డాక్టరుతో కూర్చుని, బిడ్డకు ఐదేళ్లు వచ్చేసరికి ఎలా ఉంటాడో వినాలి. గుమాస్తా చేతిలోంచి కాగితం అందుకుని ఇంటికి పోయి తేల్చుకునే సంగతి కాదిది.

ఆడా మగా చెప్పడం మాత్రం 1994 చట్టం ప్రకారం ఫీటల్ ఎకోలోనూ నేరమే. ప్రతి స్కాన్‌కూ ఫారం ఎఫ్ మీద సంతకం పెట్టించుకునేది అందుకే.

దాటిపోయిన వాళ్లకు ఇంకో వల

కడుపులో దొరకని కొన్ని తీవ్ర లోపాలను పట్టడానికి ఖర్చు లేని ఒక పరీక్ష ఉంది. కరోనా రోజుల్లో ఇంటింటికీ తెలిసిన పల్స్ ఆక్సీమీటరే. పుట్టిన 24 గంటల తరువాత, ఇంటికి పంపే లోపు, బిడ్డ కుడి చేతికీ ఒక పాదానికీ పెట్టి చూస్తారు. రక్తంలో ఆక్సిజన్ 95 శాతం లేదా ఆపైన ఉండి, రెండింటి మధ్య తేడా 3 మించకపోతే సరే. లేకపోతే మళ్లీ చూసి గుండె స్కాన్‌కు పంపుతారు. ఐదు నిమిషాల పని. ప్రతి కాన్పు గదిలోనూ ఇది అలవాటు కావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఆ రోజు వింజమూరు బిడ్డ స్కాన్ అయ్యాక డాక్టరు అత్తాకోడళ్లను లోపలికి పిలిచాడు. తలుపు తెరిచే ఉంది. కింది గదుల మధ్య గోడ కండరంలో 2 మిల్లీమీటర్ల చిల్లు, బరువు బాగా పెరుగుతున్నాడు, మూడు నెలల తరువాత మళ్లీ చూద్దాం, ఎక్కువగా మూసుకుంటుంది అన్నాడు. కోడలు అంతసేపటికి నోరు తెరిచింది. "గ్రహణం వల్లనా సార్?"

"ఏ నెల్లో వచ్చిందమ్మా గ్రహణం?"

"ఏడో నెల్లో సార్."

"బిడ్డకు గుండె గదులు, గోడలు కట్టుకోవడం మూడో నెల మొదట్లోనే అయిపోతుంది తల్లీ. అప్పటికి నువ్వు ఇంకా వాంతులతో మంచం దిగలేదు."

అత్త ఏమీ అనలేదు. బయటికొచ్చి రిపోర్టులన్నీ తేదీల వరసన కవర్లో సర్దుకుంది. మనవణ్ణి కోడలి చేతికిచ్చి, తను కవరు, పాల సీసా సంచీ పట్టుకుంది. "పా, పన్నెండున్నర బస్సు పోద్ది" అంది.